నలభై ఒకటి

జెయింట్ వీల్ కొత్తగా పెట్టిన రోజుల్లో పార్కు కిటకిటలాడేది. లోపలికి వెళ్లినవాళ్లకన్నా బయటికి వచ్చినవాళ్లు రోజూ ఒకరో ఇద్దరో తగ్గేవారు. తప్పు గేటు తిరిగినప్పుడల్లా మనుషుల్ని లెక్కపెట్టే మిషన్‌దేనని తేల్చేసి, గేటు కాపలాదారు రిజిస్టర్లో రెండుచోట్లా ఒకే అంకె వేసేవాడు.

ఊరవతల ఇంకో పార్కు వచ్చాక జనం పలచబడ్డారు. ఈరోజు నలభై ఒక్కమంది వచ్చారు, నలభై ఒక్కమందీ వెళ్లిపోయారు. కాపలాదారు దీపాలార్పి, టార్చి వెలుగులో రిజిస్టరు తెరిచాడు.

బయటికెళ్లే గేటు టక్కుమని తిరిగింది. మిషన్లో నలభై రెండు. గేటు దగ్గర ఎవరూ లేరు. మళ్లీ టక్కుమంది. నలభై మూడు.

మేనేజరుకు ఫోన్ చేశాడు.

"దానికింత కంగారెందుకు బాబాయ్? ఎప్పట్లాగే సమానం చేసి రాసేయ్."

రెండుచోట్లా నలభై ఒకటి వేశాడు. గేటు ఆగిపోయింది.

చీకట్లోంచి ఓ ఆడగొంతు మర్యాదగా అడిగింది: "ఈసారైనా మమ్మల్ని రాసుకోరా?"