నడిచే దూరం

"ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇస్తారా ఆంటీ?"

ఇంద్రజ ఇలా అడగడం మూడోసారి. రూతు గారు మూడోసారి కూడా విననట్టే కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, ఒళ్ళో ఉన్న నీలం అట్ట నోటుపుస్తకంలో ఇంకో పేజీ తిప్పారు.

రావులపాలెంలో ఆ ఇంటి ముందు షామియానా కడుతున్నారు. సాయంత్రం నాలుగింటికి వినీల ఆదరణ కూడిక. రూతు గారి భర్త, వినీల తండ్రి చిట్టియ్య గారు తుడిచిన కుర్చీనే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నారు. బెంగళూరు చూసొస్తామని స్నేహితురాలితో వెళ్ళిన పిల్ల బండి మీద నుంచి పడి చనిపోయి నలభై రోజులైంది. ఆ స్నేహితురాలే ఇంద్రజ. భీమవరంలో ఇంజనీరింగ్ చదివిన రోజుల నుంచి ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం.

"విను తల్లీ, మా పిల్ల ఎంత ముచ్చటగా రాసుకుందో. 'బ్రూ పబ్ ఒకటి. లాడ్జి నుంచి నడిచి ఏడు నిమిషాలు. నురగ బాగుంది. చేదు కాస్త ఎక్కువ. మళ్ళీ రావచ్చు.'" రూతు గారు నవ్వబోయి ఆగిపోయారు. "దీనికి కాఫీ పిచ్చి ఇంతుందని నాకు తెలీదమ్మా. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాలే తాగింది."

ఇంద్రజ పుస్తకం కేసి చూసింది. ఆ ఇంట్లో బ్రూ అంటే వంటింటి అలమరాలో సీసాలో ఉండే కాఫీ పొడి. ఏ ఊరు వెళ్ళినా బస నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో చిన్న చిన్న బ్రూపబ్‌లు వెతుక్కోవడం, అక్కడికక్కడే తయారుచేసిన బీరు రుచి చూసి మార్కులు వేయడం తమ సరదా అని ఈ తల్లికి ఏ నోటితో చెప్పడం? చిట్టియ్య గారు లూథరన్ సంఘపెద్ద. పెళ్ళి విందులో సీసా కనబడితే విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసే మనిషి.

"పాస్టరు గారి ప్రార్థన అయ్యాక మీ అంకుల్ ఇందులోంచి నాలుగు ముక్కలు చదువుతానన్నారు," అన్నారు రూతు గారు. "పిల్ల ఎంత సంతోషంగా తిరిగిందో అందరికీ తెలియాలి కదా."

కూడికకు క్లాస్‌మేట్లే పదిమంది వస్తున్నారు. మొదటి వాక్యానికే వాళ్ళకు అర్థమైపోతుంది. రేపటికి ఊరంతా చెప్పుకుంటుంది. చచ్చిపోయిన పిల్ల పరువు, బతికున్న తండ్రి పరువు రెండూ పోతాయి. అందుకే ఈ పుస్తకం తీసుకుపోవాలి. వినీల పరువు కోసం, అందుకోసమే. పొద్దున్న బస్సెక్కినప్పటి నుంచి ఇంద్రజ తనకు తాను ఈ మాటే చెప్పుకుంటోంది.

"అంకుల్ చదవలేరు ఆంటీ, మధ్యలోనే ఏడ్చేస్తారు. నేను చదువుతాను. నాకివ్వండి."

"నువ్వు మాత్రం ఏడవవా?" రూతు గారు ఆమె ఎడమ చేతి కట్టును మెల్లగా నిమిరారు. "నొప్పి తగ్గిందా? వెనక కూర్చున్నావు కాబట్టి దేవుడు నిన్నయినా మిగిల్చాడు."

"తగ్గిందండి," అంది ఇంద్రజ, తల వంచుకుని.

రూతు గారు లోపలికి వెళ్ళి గ్లాసుతో వచ్చారు. "బ్రూయేనమ్మా. వచ్చినవాళ్ళందరికీ ఇవాళ ఇదే ఇస్తాను. దానికి ఇష్టమని నురగ వచ్చేలా తిరగబోశాను."

ఇంద్రజ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. నలభై రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. రూతు గారు పక్కన కూర్చుని, కన్నతల్లిలా వీపు రాశారు. కాసేపటికి పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టారు.

"సరే, నువ్వే చదువు."

ఇంద్రజకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కళ్ళయినా తుడుచుకోకుండా గబగబా పుస్తకం చివరికి తిప్పింది. అక్కడ రాసిన పేజీ లేదు. చించిన అంచు మాత్రం ఉంది.

"నువ్వు దాని కోసమే చూస్తావనుకున్నాను," అన్నారు రూతు గారు. పక్కనున్న బైబిల్లోంచి మడతపెట్టిన కాగితం తీశారు. గొంతు తగ్గించి చదివారు.

"'బ్రూ పబ్ ఐదు. మొదటిసారి నడిచే దూరం కాదు, పదకొండు కిలోమీటర్లు. ఇంద్రకి తెగ నచ్చేసింది, మూడో గ్లాసు తాగుతోంది. వద్దన్నా వినదు. తిరిగి వెళ్ళేటప్పుడు కూడా బండి తనే నడపాలి, నాకు రాదు కదా.'"

బయట అరటి గెలల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఇంద్రజ పుస్తకం మూసేసింది. వినీలే నడిపింది, నేను వెనక కూర్చున్నాను అని పోలీసులకు తనే చెప్పింది. చూసినవాళ్ళు లేరు, అందరూ నమ్మారు.

"మా పిల్లకి సైకిలు తొక్కడమే రాదు. ఉద్యోగంలో చేరాక నేర్చుకుందేమోలే అనుకున్నాను," అన్నారు రూతు గారు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఇంద్రజకు. "ఈ కాగితం మీ అంకుల్‌కి చూపించలేదు, చూపించను కూడా. నువ్వూ ఒక తల్లి కన్న బిడ్డవే."

ఆవిడ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. చల్లారిపోయిన గ్లాసును ఇంద్రజ చేతికి అందించారు.

"ఒక్కటే అర్థం కావట్లేదు. నాకు మాత్రం చెప్పు. మూడు గ్లాసుల కాఫీకి బండి ఎందుకు తూలిందమ్మా?"