గడప దాటని ఇనప్పొడి

"అక్కడే ఆగండి! తానం అయ్యేదాకా మిమ్మల్ని ఎవులూ ముట్టుకోకూడదు."

ఇనప కార్ఖానాలో డ్యూటీ దిగొచ్చిన ఆమోసును భార్య అంతోనమ్మ రోజూలాగే వాకిట్లో కుళాయి దగ్గర నిలబెట్టేసింది. గేటుదాకా ఎదురెళ్లి అందుకున్న టిఫిను క్యారేజీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

వచ్చీరాగానే నాన్న మెడకు వేలాడాలని పదేళ్ల ఆనందకుమారికి ఎప్పట్నుంచో ఆశ. ఇవాళ ఆగలేక, చెయ్యి తగలకుండా దగ్గరికెళ్లింది. పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని తండ్రి చొక్కా మీద పాకించింది. దానికి నల్లటి మీసాలు మొలిచాయి.

"నాన్న ఒంటినిండా ఇనప్పొడే అమ్మా!"

"అందుకే గదా ముట్టుకోవద్దన్నాను! నా గడప దాటి ఒక్క నలుసు కూడా రాదు."

"సూత్తానుండు," అని కూతురు అయస్కాంతాన్ని తుడిచి గడప మీద, చాప మీద రాసింది. ఏమీ అంటలేదు. అంతోనమ్మ మురిసిపోయింది.

చివరికి తల్లి భుజం మీద చీరకు రాసింది. మళ్లీ మీసాలు!

"ఇదేటమ్మా? నువ్వు నాన్నని ముట్టుకోవు గదా?"

అంతోనమ్మ గబగబా పైట దులుపుకుంది. ఆమోసు కుళాయి కింద తల దూర్చేశాడు.

ఆనందకుమారి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత గోరింట కంచె చాటునున్న గేటువైపు చూసింది.

"అచ్ఛా! అయితే రేపట్నుంచి క్యారేజీ నేనే అందుకుంటాను."

"వద్దు!" అన్నారిద్దరూ ఒకేసారి.