ఇరవై ఏడో నంబరు జాకెట్

"డ్యూటీ జాకెట్ ఎందుకిచ్చినవే అన్నా? అది కార్మికుని జెండా," అని మండిపడ్డాను.

"మఫ్లర్ మెత్తగున్నది తమ్మీ, ఊకో," అన్నాడు పోశెట్టన్న.

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు జనం రాక స్టేడియం బోసిగా ఉందని, గల్ఫ్‌లో మేముండే మామీర్ లేబర్ క్యాంపు నుంచి మా నలభై మందిని డ్యూటీ బట్టలతోనే తెచ్చి కూర్చోబెట్టారు. దేశదేశాల జట్ల చొక్కాలు, మఫ్లర్లు కొంటూ తిరిగే టూరిస్టు ఒకడు మా నారింజరంగు జాకెట్లు చూసి, వీరాభిమానుల సంఘం అనుకున్నాడు. తన మఫ్లర్ ఇచ్చి పోశెట్టన్న జాకెట్ తొడుక్కున్నాడు. మ్యాచ్ అయ్యాక మా బస్సే ఎక్కాడు.

ఫోర్‌మన్ జాకెట్ల మీది నంబర్లు లెక్కపెట్టాడు. "నలభై. ఖలాస్." మఫ్లర్‌తో ఎక్కబోయిన పోశెట్టన్నకు అడ్డం నిలబడ్డాడు. "సార్, టూరిస్టుల బస్సు అటు."

బస్సు తప్పితే ఆయన కొలువే పోతుంది. "ఈయననే పోశెట్టి," అని అరిచాను.

"నీకేమన్న పిచ్చా? ఇరవై ఏడో నంబర్ పోశెట్టి లోపల కూసున్నడు. పొద్దుగాల నాలుగింటికి డ్యూటీ ఉన్నది ఆయనకు."

కిటికీలోంచి టూరిస్టు సంతోషంగా చెయ్యూపాడు. అవతల టూరిస్టుల ఏసీ బస్సెక్కిన పోశెట్టన్నకు ఎవరో చల్లని నీళ్ల సీసా అందించారు.

నేను నా జాకెట్ విప్పి, మఫ్లర్ వేసుకున్న మరో టూరిస్టు కోసం వెతకసాగాను.