ఇల్లు కనబడుట లేదు

బస్సు దిగిన ఎలియోదోరో గేటు తాళం తీసి, లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. గేటుంది. గేటు పక్కన నీలం పూల పొదలున్నాయి. ఇల్లు లేదు.

పొరపాటున వేరే స్టాపులో దిగానేమోనని వెనక్కి తిరిగి చూశాడు. పుయెర్తో మోంత్ పట్నం చివర, సముద్రాన్ని ఆనుకుని పోయే రోడ్డు. అదే బేకరీ, అదే స్టాపు, అదే ముసురు. గేటు తాళం కూడా తన తాళంచెవితోనే వచ్చింది. మరి ఇల్లేమైంది? కాలిపోతే బూడిద ఉండాలి. కూలిపోతే చెక్కలుండాలి. ఆ చెక్క ఇల్లు నిలబడ్డ మొద్దులు మాత్రం వరసగా, వానలో తడుస్తూ ఉన్నాయి.

భార్య నొయెమికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. చేపల పడవ మీద దక్షిణానికి పోయి, నెలల తర్వాత ఇవాళే రేవులో దిగాడు. "ఇంటికొస్తున్నా" అని పొద్దున మెసేజ్ పెడితే "రా" అని జవాబు కూడా ఇచ్చింది.

పక్కింటి ఎదెల్మిరా కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఇటే చూస్తోంది.

"పిన్నీ! మా ఇల్లేదీ?"

"వెళ్ళిపోయింది నాయనా."

"వెళ్ళిపోవడమేంటి? ఎక్కడికి?"

"ఏమో మరి. నాతో చెప్పి వెళ్ళిందా?"

"నొయెమి ఏది? మా అమ్మ ఏది?"

"ఇంట్లోనే ఉంటారు. ఇంకెక్కడుంటారు?"

"ఆ ఇల్లే లేదంటుంటే!"

"నన్ను మధ్యలోకి లాగకు తండ్రీ. మీరూ మీరూ చూసుకోండి," అని ఆవిడ కిటికీ వేసేసింది.

ఇక ఏం చెయ్యాలో తోచక పోలీసులకు ఫోన్ చేశాడు. మోటారు సైకిల్ మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. రాజధాని నుంచి ఈమధ్యే బదిలీ అయి వచ్చినవాడు. ఇంకా ఈ వానకే అలవాటు పడలేదు.

"ఏం పోయింది?"

"ఇల్లు సార్."

"అదేనయ్యా, ఇంట్లో ఏం పోయింది?"

"ఇంట్లో కాదు సార్. ఇల్లే."

"తలుపు పగలగొట్టారా?"

"తలుపు కూడా పోయింది సార్."

"మరి కిటికీలు..." అంటూ కానిస్టేబుల్ తలెత్తి ఖాళీ స్థలాన్ని చూశాడు. ఎలియోదోరోను దగ్గరికి పిలిచి నోటి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. ఉండుంటే ఆయన పని తేలికయ్యేది.

ఇద్దరూ స్థలమంతా తిరిగారు. వెనకవైపు కంచె పీకేసి ఉంది. అక్కడి నుంచి గడ్డి మీద వెడల్పుగా ఒక చార, నీళ్ళ దాకా పోయింది.

"ఇదేంటయ్యా, ఓడను ఈడ్చినట్టుంది?"

ఎలియోదోరో వంగి ఆ చారను చూశాడు. ఊరంతా చేరి ఎడ్లు కట్టి ఇళ్ళను ఈడ్చుకుపోవడం, పడవలకు కట్టి నీళ్ళ మీద తేలించుకుపోవడం చిన్నప్పుడు దీవుల్లో చూశాడు. కానీ ఇంత పట్నంలోనా? ఎదురుగా బస్సులు తిరుగుతుంటేనా?

"మీ ఇల్లెలా ఉంటుంది?" అన్నాడు కానిస్టేబుల్, దూరంగా చూస్తూ.

"పసుప్పచ్చ గోడలు. ఎర్ర రేకుల కప్పు."

"అదిగో, అలానా?"

సన్నటి సముద్రపు పాయకు అవతల తెంగ్లో దీవి. దాని ఒడ్డున పసుప్పచ్చ గోడలతో, ఎర్ర రేకుల కప్పుతో తన ఇల్లు ఇటే చూస్తోంది. గొట్టంలోంచి పొగ కూడా వస్తోంది.

"దొరికిందిగా. ఇక కేసేముంది?" అని కానిస్టేబుల్ బతుకు జీవుడా అని బండెక్కాడు.

అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటించే ఫ్రోయిలాన్ పడవ కనిపిస్తే, ఎలియోదోరో పరుగున వెళ్ళి ఎక్కాడు.

"మామా, నా ఇంటిని ఎవరు లాగారు?"

"అందరం. నాదే ముందు పడవ."

"మీకు బుద్ధుందా? నా ఇల్లది!"

"ఆ అమ్మాయి గడప గడపకీ వచ్చి అడిగింది. సాయమడిగితే రాకుండా ఎలా ఉంటాం? మీ అమ్మయితే పొయ్యి పక్కన కుర్చీలోంచి లేవనే లేదు. నీళ్ళ మీద కూడా అలాగే కూర్చుని వచ్చింది, మహారాణిలాగ."

"అసలెందుకు లాగారు?"

"ఆ మాట నీ పెళ్ళాన్నడుగు," అని ఫ్రోయిలాన్ తెడ్డు వెయ్యడంలో పడ్డాడు.

ఒడ్డు దిగి పరిగెత్తాడు. ఇంట్లో అందరూ క్షేమమే అని గుండె కుదుటపడిన కొద్దీ కోపం పైకొచ్చింది. తలుపు దబదబా బాదాడు. నొయెమి తీసింది. చేతులనిండా పిండి.

"వచ్చావా? బూట్లు తుడుచుకో."

"బూట్లు తర్వాత! నాకు చెప్పకుండా నా ఇల్లు ఎత్తుకొచ్చేస్తావా?"

"అరవకు. అత్తయ్య ఇప్పుడే పడుకుంది."

"నేనేం చేశానే? నీకేం తక్కువ చేశాను? ఎప్పుడన్నా చెయ్యి చేసుకున్నానా? మాట తూలానా?"

నొయెమి అతని మొహంలోకి చూసింది. అతను నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. ఆమె చేతులకంటిన పిండి నెమ్మదిగా దులుపుకుంది.

"పడవెక్కే రోజు పొద్దున నువ్వేగా అన్నావు, 'ఈ స్థలం నాది, మీ నాన్న నీకిచ్చిందేదో పట్టుకుని పో' అని. మా నాన్న నాకు కట్టిచ్చింది ఈ ఇల్లొక్కటే."