పచ్చ ట్రక్కు బేరగాడు

ట్రక్కు కింద పడుకుని నీళ్ళ ట్యాంకు బిగిస్తున్న వడ్రంగికి రెండు అరిగిన చెప్పులు కనిపించాయి.

"ఎప్పుడు బయల్దేరతారండీ?" అన్నాయవి.

ఉలిక్కిపడి తల లేపాడు. ఇనుప కడ్డీకి నుదురు ఠంగుమంది.

"ఎవరయ్యా నువ్వు?"

"పక్క వీధేనండి. మిలిటరీ ట్రక్కుని ఇల్లులా మారుస్తున్నారని మందుల షాపులో విన్నాను."

నుదురు రుద్దుకుంటూ బయటికొచ్చి చూస్తే డెబ్భై దాటిన పెద్దాయన. 'నువ్వు' అన్నందుకు వడ్రంగి నాలుక కరుచుకున్నాడు.

"ఈ బండి గురించే మేస్త్రీ గారూ, ఒక్క మాట..."

"అమ్మను."

"అది కాదండీ..."

"ఎంతిచ్చినా అమ్మను. నాకు పనుంది."

పెద్దాయన నిలబడ్డాడు, తటపటాయించాడు, వెళ్ళిపోయాడు.

"బేరగాడు మేస్త్రీ!" అన్నాడు పక్కనే కడ్డీలు అతుకుతున్న వెల్డరు, కళ్ళద్దాలు పైకి తోసుకుని. "మీరు విసిగి వదిలేస్తే ఎగరేసుకుపోదామని కాచుక్కూర్చున్నాడు."

ఆ పేరే ఖాయమైపోయింది.

నిజానికి వడ్రంగి ఆ ట్రక్కుని వేలంలో పాడుకున్నది షోకుకి కాదు. భార్య ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆక్సిజన్ మిషన్ లేనిదే ఆవిడకి గంట గడవదు. మిషన్‌కి కరెంటు కావాలి. ఆవిడకేమో సముద్రం కావాలి.

"పెళ్ళైన కొత్తలో ఒక్కసారి చూపించారు, అదీ బస్సు కిటికీలోంచి" అని ముప్పై ఏళ్ళుగా దెప్పుతూనే ఉంది. ఒక్క రోజైనా సముద్రం ఒడ్డున నిద్ర లేవాలట.

"వానలు పడేలోగా తీసుకెళ్ళండి. ఆ తరవాత నేనేం చెప్పలేను" అన్నాడు డాక్టరు.

అందుకే ఈ పచ్చ రాక్షసి. ఇసుకైనా రాళ్ళైనా లెక్కచేయదు. పైన సోలార్ పలకలు, కింద బ్యాటరీలు, మంచం, పొయ్యి, నీళ్ళు. ఎవరి గుమ్మమూ తొక్కకుండా పది రోజులు గడిపేయొచ్చు.

మర్నాడు మళ్ళీ అవే చెప్పులు.

పెద్దాయన లోపలికి తొంగి చూశాడు. "మంచం ఉంది, మిషన్‌కి కరెంటు ఉంది. ఇంకా ఆలస్యం దేనికండీ?"

"అలమరకి తలుపులు పెట్టాలి."

"తలుపుల్లేకపోతే బండి కదలదా?"

వడ్రంగికి ఒళ్ళు మండింది. తలుపుల్లేని అలమర చాలని వడ్రంగితోనే అంటాడా! విసురుగా రంపం అందుకున్నాడు.

"ఏవండీ, మీ బేరగాడు వెళ్ళాడా?" కిటికీలోంచి ఆవిడ గొంతు, ఆయాసంగా. "సముద్రమే నడిచి వచ్చేలా ఉంది గానీ, మీ బండి కదిలేలా లేదు."

తలుపులు బిగించిన రోజే ట్రక్కు వీధిలోకి తీశాడు. నాలుగు ఇళ్ళు దాటింది. కడుపులో గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. మళ్ళీ గేటు లోపలికి లాగించాల్సొచ్చింది.

"గేరుబాక్సు" అన్నాడు వెల్డరు. "పళ్ళు ఊడొచ్చాయి. ఈ రకం బండ్లు చేయడం మానేసి ఇరవై ఏళ్ళైంది మేస్త్రీ. ఈ ముక్క ఎక్కడ దొరుకుతుంది?"

ఎక్కడా దొరకలేదు. వడ్రంగి పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేశాడు. చెక్కయితే చెక్కుకునేవాడు. ఇనుము ఆయన మాట వినదు. ఇంట్లో ఆవిడ నాలుగడుగులు కూడా వేయలేకపోతోంది. ఆయన ట్రక్కు మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు పెద్దాయన.

"గేరుబాక్సు పోయిందటగా మేస్త్రీ గారూ. మీరేమీ అనుకోనంటే..."

"అనుకుంటాను! ఇప్పుడు చచ్చినట్టు ఇచ్చేస్తానని వచ్చారు, అంతేగా? శవం లేవకముందే గద్దలా తిరుగుతారేంటండీ? మళ్ళీ ఈ గేటు తొక్కారంటే మర్యాదుండదు!"

పెద్దాయన తల దించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వాన ముందే వచ్చింది. రెండో వానకి ఆవిడని ఆసుపత్రిలో చేర్చారు.

"మంచం కూడా కదపకండి" అన్నాడు డాక్టరు, ఆయన కళ్ళలోకి చూడకుండా.

ఆవిడ మాస్కు కొంచెం పక్కకి జరిపింది.

"బండి ఆ బేరగాడికి ఇచ్చేయండి. కాళ్ళరిగేలా తిరిగాడు పాపం. నాకెటూ ప్రాప్తం లేదు."

ఆవిడ అడిగినవాటిలో ఆయన చేయగలిగింది అదొక్కటే మిగిలింది.

మందుల షాపులో అడిగి, వానలోనే ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. క్షమించమనాలి. బండి తీసుకెళ్ళమనాలి. దారంతా ఆ రెండు మాటలే కూడబలుక్కున్నాడు.

తలుపు తీసిన పెద్దాయన ముఖం వడ్రంగిని చూడగానే వెలిగిపోయింది.

"వచ్చారా! రండి రండి, తడిసిపోతున్నారు."

ఆయన్ని మాట్లాడనివ్వకుండా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు.

రేకుల షెడ్డులో పచ్చ ట్రక్కు. అదే రకం.

వడ్రంగి ఎక్కి చూశాడు. మంచం సరిగ్గా కిటికీ ఎత్తులో ఉంది, పడుకున్న మనిషికి బయటంతా కనపడేలా. తలవైపు ఆక్సిజన్ మిషన్‌కి చిన్న పీట, అది జారకుండా పట్టీలు.

"మా ఆవిడ కోసం చేశానండీ. పరదాల రంగు నచ్చక నాలుగు రోజులు ఆగాను. తను ఆగలేదు. మూడేళ్ళైంది."

వడ్రంగి ఆ పట్టీలని ఒకసారి తడిమి కిందికి దిగాడు. ఎలా చెప్పాలి? ఏమని చెప్పాలి?

పెద్దాయన హడావిడిగా టైర్లు తట్టి చూస్తున్నాడు.

"వారానికోసారి స్టార్ట్ చేస్తూనే ఉన్నాను. డీజిల్ నిండా ఉంది, నీళ్ళూ పట్టాను. వెళ్ళి చెల్లెమ్మని తీసుకొచ్చేయండి. ఇన్నాళ్ళూ మీ గేటు చుట్టూ తిరిగింది ఇది మీకిచ్చేద్దామనే, మీరు నన్నొక్క మాట పూర్తి చేయనిస్తేగా!"