తారీఖు పడ్డదా, బిడ్డా?

రోహిణి తీసిన ఇరవై ఫొటోల్లోనూ పానకంలో పుడకలా ఆ ముసలాయనే.

"ఎవరే ఈయన?" అడిగింది దేవిశ్రీ.

"మొగిలి తాత మేడమ్. రోజూ గాడనే నిలబడి ఒకటి తియ్యమంటడు."

"పనికి పోడా?"

"తీసేసిండ్రంట మేడమ్."

దేవిశ్రీకి నవ్వొచ్చింది. పనీపాటా లేకపోతే ఫొటోల పిచ్చే పడుతుంది మరి!

ఆమె ఐటీ ఉద్యోగి. కంపెనీ ఇచ్చిన పాత కెమెరాలతో, శేరిలింగంపల్లిలో కూలీల రేకుల షెడ్ల దగ్గర రోహిణిలాంటి పిల్లలకు శనివారాలు ఫొటోగ్రఫీ నేర్పుతోంది. షెడ్ల వెనకే పెద్ద గోడ. దాని అవతల, ఎత్తుగా పోసిన మట్టి మీద కొత్త టవర్ లేస్తోంది.

ఆ గోడకే చెయ్యి పెట్టి నిలబడతాడు మొగిలి. నవ్వడు. కదలడు. ఫొటో తీయగానే ఒకటే ప్రశ్న.

"తారీఖు పడ్డదా, బిడ్డా?"

"పడ్డది తాతా."

అంతే, వెళ్లిపోతాడు.

ఆ శనివారం ఆయనే దేవిశ్రీ దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, నా ఫొటోలు మీ పెద్దసార్లకు చూపెట్టుండ్రి. జర జల్ది. వానలు మొదలైనయి."

ఫొటోలకీ వానకీ సంబంధం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

"మా ఆఫీసులో పెట్టేది పిల్లల ఫొటోల ప్రదర్శన తాతగారూ. మీ ఫొటోలు పెట్టలేమండి."

మొగిలి ఏదో చెప్పబోయాడు. సైట్ సూపర్‌వైజర్ అటే రావడం చూసి నోరు మూసుకున్నాడు.

ఇంటికెళ్లి దేవిశ్రీ ఫొటోలు సరిచేసింది. ముసలాయన్నీ, గోడనీ కత్తిరించేసింది. ఆరేసిన చీరలూ, గోలీలాడే పిల్లలూ మిగిలారు.

బుధవారం ఆఫీసులో ప్రదర్శన. పిల్లలందర్నీ బస్సులో తీసుకొచ్చారు. ఫొటోలు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు కేకులు తింటుండగా బయట వాన దంచికొట్టింది.

ఆ వానలోనే గోడ కూలింది.

షెడ్డు షెడ్డుకీ తిరిగి అందర్నీ బయటికి తరిమిన మొగిలి, తను మాత్రం బయటికి రాలేదు.

"నిన్నటిదాకా గోడ బాగానే ఉందండి. ఇదంతా ఈ వాన వల్లే" అంటున్నాడు సూపర్‌వైజర్, టీవీ వాళ్లతో.

పిల్లలతో పాటు అక్కడికి చేరిన దేవిశ్రీ, రోహిణి కెమెరా తెరిచింది. కత్తిరించని ఫొటోలన్నీ తారీఖుల ప్రకారం ఉన్నాయి.

మొదటి దాంట్లో, గోడ పగులులో మొగిలి వేలి కొస మాత్రమే దూరింది.

వారం తర్వాత రెండు వేళ్లు.

చివరి దాంట్లో పిడికిలి, మణికట్టు దాకా.

ఇన్నాళ్లూ ఆమె ఆ చేతిని చూడనే లేదు.

పక్కనే తడిసిన చీరతో మొగిలి భార్య చంద్రమ్మ కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"గా గోడ కట్టిన మేస్త్రి మా ఆయననే మేడమ్. పునాది సాలదని కొట్లాడితే పనిలకెల్లి తీసేసిండ్రు. నోటిమాట ఎవ్వరు ఇనలే... ఫొటో అయితే ఇంటరన్నడు."