మైల కాగితం

“డోలు ఆపవయ్యా షిగెకీ. ఆ గుమ్మానికి మైల కాగితం కట్టారు,” అంది ఒతోయో.

షిగెకి ఆపాడు గానీ మొహం మాడ్చుకున్నాడు. ఒసాకాలో ఆ ఇరుకు సందు చివర కొత్తగా నూడుల్స్ కొట్టు తెరుస్తున్నారు. ఆ సంగతి ఊరంతా చాటడానికి బయల్దేరిన వీధి మేళం వాళ్లది. ముందు రంగుల గొడుగు తిప్పుతూ మేళం పెద్ద ఒతోయో, ఆమె వెనక డోలూ కంచుగంటా మెడకి తగిలించుకుని షిగెకి, ఆ వెనక శాక్సొఫోన్ ఊదుతూ గెంజీ. ముగ్గురి మొహాలకీ తెల్లటి రంగు, నెత్తిన కళ్ల మీదికి దిగే పెద్ద వెదురు టోపీలు. నల్ల అంచు తెల్ల కాగితం గుమ్మానికి వేలాడుతోందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. అప్పుడు ఎంత అల్లరి మేళమైనా నోరు మూసుకోవాలి. టోపీలు తీసి, ఆ ఇంటివైపు తిరిగి తలవంచి, మెల్లగా దాటిపోవాలి.

“అక్కడెవరూ చావలేదక్కా,” అన్నాడు షిగెకి. “అది మా ఇల్లు.”

ఒతోయో గొడుగు తిప్పడం మానేసింది. మరి కిందటిసారి వచ్చినప్పుడు కూడా కాగితం ఉంది కదా అని అడిగింది.

“అప్పుడూ ఎవరూ చావలేదు. మన మోత వినపడగానే మా నాన్న కట్టేస్తాడు. మేళంలో చేరితే నా గడప తొక్కొద్దన్నాడు, తొక్కలేదు. అదీ చాల్లేదు. ఆయన లెక్కలో చచ్చింది నేనే.”

ఇన్నాళ్లూ ఈ మాట మేళంలో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి సిగ్గేసింది. వచ్చిన ప్రతిసారీ తన చావుకి తనే టోపీ తీసి, అందరితోపాటు తలవంచుకుని వెళ్లిపోయాడు. కానీ సందులో వాళ్లకి తెలియనిదేముంది? ఎదురుగా చేపల కొట్టాయన కత్తి పక్కన పెట్టి, కొనడానికొచ్చిన ఆవిడతో నవ్వుతూ అననే అన్నాడు.

“అదిగోనమ్మా, ఆ ఇంట్లో చచ్చిపోయినవాడు. డోలు వాయించుకుంటూ వచ్చాడు.”

తెల్లరంగు కింద షిగెకి మొహం భగ్గుమంది. గెంజీ వినబడనట్టు శాక్సొఫోన్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది ఇంకా పెద్ద అవమానంగా తోచింది.

ఒతోయో గొంతు తగ్గించి, నిజంగా చచ్చారా లేదా అని మనం తలుపు కొట్టి అడగం, కాగితం ఉంటే దణ్ణం పెట్టాల్సిందే అంది. “టోపీ తియ్యి నాయనా. రెండు నిమిషాల పని.”

“తియ్యను.”

తియ్యకపోగా, ఆ టోపీని ముక్కు దాకా లాక్కున్నాడు. సరిగ్గా ఇంటి ముందుకి వెళ్లి నిలబడి డోలు మీద విరుచుకుపడ్డాడు. కంచుగంట ఖంగుమంది. ఏ కొత్త కొట్టు ముందూ ఎప్పుడూ అంత హుషారుగా వాయించలేదు. పైన ఎవరిదో కిటికీ తెరుచుకుంది. కొట్లలోంచి జనం బయటికొచ్చారు. వినాలి, ఆ మనిషి చెవులు చిల్లులు పడేలా వినాలి, అనుకున్నాడు.

కాసేపు బాగానే ఉంది. తర్వాత చూస్తే సందులో ఎవరూ నవ్వడం లేదు. ఇందాక వెటకారం చేసిన చేపలాయన కూడా చూపు దించేసుకున్నాడు. ఒతోయో మాత్రం టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ గుమ్మం ముందు నడుం వంచి, తన మనిషి చేసిన తప్పుకి క్షమాపణ అడుగుతోంది. ఆమె వంగిన వీపు చూసేసరికి షిగెకి చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఇంటివైపు కన్నెత్తి చూడకుండా గబగబా ముందుకి నడిచి, మలుపు తిరిగి గోడకి ఆనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వెనకే ఎవరో పరిగెత్తుకొచ్చిన చప్పుడైంది. అమ్మ. వంటింటి ఏప్రన్‌తోనే, ఒంటికాలి చెప్పుతో వచ్చేసింది.

ఆమె నోరు తెరవకముందే వీడు అందుకున్నాడు. “వెళ్లి చెప్పు మీ ఆయనకి. చచ్చినవాడు ఇక ఈ సందులోకి రాడు. ఆ కాగితం చింపి పారేసుకోమను.”

అమ్మ ఆయాసపడుతూ కొడుకు చెయ్యి పట్టుకుంది.

“గడప తొక్కొద్దని తనే అన్నాడు, ఇప్పుడు రమ్మనడానికి ఆయనకి నోరు రాదురా. ఆ కాగితం కడితేనే కదా నువ్వు టోపీ తీసి మావైపు తిరిగేది… కిటికీలోంచి ఆయనకి నీ మొహం కనపడేది.”